పూల వెనక తెల్ల తెర

మార్చి 2, ఆదివారం. ఉదయం 7.10
నిర్ణయం! ఈ వసంతంలో కొండదారిన కారులో వెళ్లి అడవిపూల ఫొటోలు తీస్తాను. ఆ పూల మధ్య మా ఆవిడనూ తీస్తాను. పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో ఆమె అడిగింది ఇదొక్కటే. (కాదట. మిగతావి నాకు గుర్తులేవట.)
"ఊరందరి మొహాలూ మీ స్టూడియోలో ఉన్నాయి. నాది ఒక్కటే ఉంది, అదీ పాస్‌పోర్టు సైజు," అంది.
మంచి ఫొటోనే. రెండు చెవులూ కనిపిస్తాయి.
కావలసినవి: కెమెరా, రెండు బ్యాటరీలు, మంచినీళ్లు, ఉత్సాహం. నాలుగూ ఉన్నాయి.

మార్చి 8, శనివారం
రేపే! మా బావమరిది ఆ దారిలోనే పాల వ్యాను తోలుతాడు. "బావా, కొండంతా విరగబూసింది. రెండు వారాలే, ఆ తర్వాత ఎండిపోతాయి," అన్నాడు. రెండు వారాలంటే బోలెడు. ఆవిడ ఫొటో కోసం పసుపు శాలువా కొనుక్కుంది.

మార్చి 9. ఉదయం 6.00
మబ్బు. మబ్బు వెలుతురు ఫొటోకి మంచిదని అందరికీ చెప్పేది నేనే. అయినా మబ్బు మబ్బే. వచ్చే వారం చూద్దాం.
6.40: ఎండ కాసింది. అప్పటికే మళ్లీ పడుకున్నాను.

మార్చి 16
ఎండ. ఎండలో కళ్లు చికిలిస్తారు. పూలకు కళ్లుండవని ఆవిడ గుర్తుచేసింది. "ఆడలేక మద్దెల ఓడు అన్నాట్ట," అని కూడా అంది. నన్నే అందో కాదో ఆలోచిస్తుండగా మధ్యాహ్నమైపోయింది.

మార్చి 20
బావమరిది ఫోను. "అంతా ఎండిపోయింది బావా. మలుపు దగ్గర వాలు మీద మాత్రం ఉన్నాయి." ఆవిడ శాలువా మడతపెట్టి బీరువాలో పెట్టేసింది. తిట్టినా బాగుండేది.

మార్చి 23. ఉదయం 9.15
వచ్చేశాం! అబ్బ, ఏం రంగులు! ఆవిడ శాలువా కప్పుకుని పూల మధ్యకి నడిచి, నా వైపు తిరిగి నిలబడింది.
"ముందు పూలు, తర్వాత నువ్వు," అన్నాను.
ఒక్కటే చిక్కు. ఏ పువ్వు వెనక చూసినా ఇంకా పూలే. బ్యాక్‌గ్రౌండ్ శుభ్రంగా లేదు. డిక్కీలో స్టూడియో తెల్ల తెర ఉంది. (జాబితాలో రాయలేదు. చెయ్యి అలవాటు కొద్దీ పెట్టేసింది.) వెనకాల పట్టుకోమన్నాను. శాలువా రంగు పువ్వు మీద పడుతోంది, తీసెయ్యమన్నాను. తీసేసింది.
ఒక్కోదాన్నీ తిన్నగా, మొహం నా వైపు తిప్పి తీశాను. నలభై! రెండు బ్యాటరీలూ అయిపోయాయి. (ఛార్జ్ చెయ్యడం మర్చిపోయాను.)
"ఇక నేను," అంది.

సాయంత్రం 5.30, స్టూడియో
నలభై పూలు. వెనకాల నలభై తెల్ల గోడలు. కొండ లేదు.
"ఇవన్నీ ఏ దేశం పోతున్నాయండీ?" అంది.
నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగాను.
ప్రతి ఫొటోలోనూ తెర అంచున ఆవిడ బొటనవేలు ఉంది. మొదట్లో బిగించి పట్టుకుంది. చివరికొచ్చేసరికి వేలు వడలిపోయింది. సిగ్గేసింది నాకు.

మార్చి 24, సోమవారం. ఉదయం 6.00
కొత్త నిర్ణయం! ముందు ఆవిడ, తర్వాతే పూలు. స్టూడియో తలుపుకి "ఈరోజు సెలవు" అని కాగితం అంటించాను. పనిరోజున మూయడం ఇదే మొదలు.
కావలసినవి: కెమెరా, ఛార్జ్ చేసిన బ్యాటరీలు, శాలువా. తెర వద్దు. ఎలాగూ ఆవిడ పొద్దున్నే దాన్ని బకెట్లో నానబెట్టింది. మురికేమీ లేదు.
6.20: మబ్బు.
6.25: ఆవిడ కిటికీలోంచి మబ్బును చూసింది. తర్వాత నన్ను చూసింది. కారు తీశాను.