కాయ మీద మనిషి

హోసూరు,
సెప్టెంబరు పద్నాలుగు, ఆదివారం.

చిరంజీవి ఉదయ్‌కు అక్క ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం అని ఎప్పటిలా మొదలుపెట్టబోయి ఆగాను. గౌరికి జ్వరం తగ్గింది, అన్నం తింటోంది, పుండు ఆరుతోంది. ఈసారికి క్షేమమంటే ఇంతే అనుకో. ఆ కొండల్లో చలి మొదలై ఉంటుంది, ఛాతీ జాగ్రత్త. ఫోనులో నీ గొంతు రెండు మాటలకే తెగిపోతోంది. పైగా నేను చెప్పాల్సింది మధ్యలో తెగిపోకూడని మాట. అందుకే రాస్తున్నాను.

నీ ఉత్తరంలో మూడు సంగతులు అడిగావు.

గౌరి కాలు గురించి. మోకాలి కింద తీసేసిన చోట కుట్లు విప్పారు. పెట్టుడు కాలికి కొలతలు తీయాలంటే వాపు పూర్తిగా దిగాలి, ఇంకో రెండు నెలలు ఆగమన్నారు డాక్టరు. ఇన్నాళ్లూ కట్టు మార్చింది నేనే. నర్సును పెడదామంటే నీ భార్య వద్దంది. "నీ చెయ్యైతే నొప్పి తెలీదు వదినా" అనేది. మా మధుమిత బడి నుంచి రాగానే వాళ్ల అత్త పక్కన చేరి తమిళం పాఠాలు రాసుకునేది. మొన్న గౌరి దాన్ని ఆటపట్టించింది. "ఏం పాపా, ఇంక పరుగు పందెంలో నన్ను గెలిచేస్తావా?" అని. నవ్వాలో వద్దో తెలియక పిల్ల నా మొహం చూసింది. నేను గిన్నెలు కడిగే నెపంతో లోపలికి వెళ్లిపోయాను.

మామిడి తోట గురించి. కదిరప్పన్న చూసుకుంటున్నాడు. పోయిన వారం వేప్పనపల్లి నుంచి రెండు బస్సులు మారి, రాగిపిండి మూట మోసుకుని వచ్చాడు. ట్రాక్టరు తనది, ఆ రోజు నడిపింది తను. ఆ దిగులుతో సగమయ్యాడు. కుర్చీలో కూర్చోమన్నా గడప దగ్గరే కూలబడి, "నేను గుంత చూసుకోలేదమ్మా, చూసుంటే ఇట్లయ్యేదా" అని ఏడ్చాడు. గౌరే ఆయన్ను ఓదార్చింది. "నువ్వేం చేసినావన్నా? రెండు దినాలు నిద్ర లేకుండా లైన్లో నిలబడినోడివి. మన ఊరి యార్డు మూసిన నా కొడుకు యాడో ఏసీ రూములో చల్లంగా కూచోనుండాడు. వాడిదే తప్పు." అప్పుడు నేను ఆ పక్కనే దోసకాయ తరుగుతున్నాను.

మూడోది. "యార్డు మూయించింది ఎవరక్కా? మీ కంపెనీయే కదా, పేరు కనుక్కో. లీవులో వచ్చి వాడి ఎదురుగా నిలబడి ఒక్కమాట అడగాలి" అని రాశావు.

నా పనేమిటో నువ్వెప్పుడూ వివరంగా అడగలేదు, నేనూ చెప్పలేదు. మాది మామిడి గుజ్జు తీసే కంపెనీ. కాయ సేకరించే యార్డులు ఎక్కడ ఉండాలి, ఎన్ని ఉండాలి, ఏ ఊరి కాయ ఎక్కడికి పోవాలి, ఇవి తేల్చడం నా ఉద్యోగం. కంప్యూటరులో జిల్లా పటం ఉంటుంది. ప్రతి ఊరూ ఒక చుక్క, చుక్క పక్కన ఎన్ని టన్నులో అంకె. ఏ యార్డు ఉంచితే ఎంత, మూస్తే ఎంత అని లెక్క వస్తుంది. పోయిన ఏడాది ఒక యార్డు తగ్గించమన్నారు. వేప్పనపల్లిది మూసి, ఆ కాయంతా నేరుగా పోచంపల్లి వైపు ఫ్యాక్టరీకే తెమ్మంటే కంపెనీకి కాస్త మిగులుతుందని తేలింది. కాస్త అంటే నూటికి ఒకటిన్నర. డీజిలు రేటు కొంచెం మారితే అదీ ఉండదు. ఉంచమని రాసినా ఎవరూ కాదనేవారు కారు.

మీటింగులో మా పై అధికారి అనంతకుమార్ నవ్వుతూ అన్నాడు. "మేడమ్‌కి పుట్టినూరి యార్డు కదా, దాని మీద చెయ్యి వేయనిస్తారా?" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ వారమే, వేప్పనపల్లి యార్డు మూయవచ్చు అని రాసి సంతకం పెట్టాను.

అవును ఉదయ్. నువ్వడిగిన పేరు నాదే.

సొంత ఊరని చూసిందన్న మాట పడకూడదనుకున్నాను. పక్షపాతం లేకపోవడమంటే అదేనని నాకు నేనే చెప్పుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే అది న్యాయం కాదు, నలుగురి నవ్వుకు భయం.

ఇంకొకటి ఉంది, ఇది రాయడం మరీ కష్టం. ఇంటి మనిషి కాయ మీద కూర్చోనిదే మనవైపు లోడు కదలదు. కాటా దగ్గర మన మంచి కాయలో ఎవరి మచ్చకాయో కలుస్తుందని భయం. తోట నుంచి ఆరు కిలోమీటర్ల యార్డుకైతే అదొక షికారు. లంగా జాకెట్టు వయసులో నేనూ తాడు పట్టుకుని కూర్చుని పోయినదాన్నే. యార్డు పోయినా ఆ అలవాటు పోదు కదా. ఇప్పుడు ఫ్యాక్టరీకి నలభై ఎనిమిది కిలోమీటర్లు, ఆపైన జిల్లా కాయంతా ఒకే గేటు ముందు వరస. జూన్‌లో గౌరి అలా రెండు రోజులు ఎండలో లోడు మీదే కూర్చుంది. మూడోరోజు పొద్దున బండి కాటా వైపు తిరుగుతూ గుంతలో దిగింది. కునుకు పట్టిన మనిషి జారి ట్రాలీ చక్రం కింద పడింది.

లెక్క కోసం రైతుల దగ్గర నింపించిన సర్వే కాగితాల్లో 'లోడుతో వచ్చేది ఎవరు' అని ఒక గడి ఉండింది. కంపెనీకి దానివల్ల ఖర్చేమీ లేదని లెక్కలోంచి ఆ గడి తీసేసింది నేనే. మన ఊరి కాగితాల్లో సగానికి పైగా ఆడవాళ్ల పేర్లే. మగవాళ్లు ఇక్కడ హోసూరు ఫ్యాక్టరీల్లో పనికి వస్తున్నారు, నువ్వు సైన్యంలో ఉన్నావు. గౌరి పేరు కూడా చూశాను. చూసే తీసేశాను.

ఆస్పత్రిలో స్పృహ వచ్చిన రోజు గౌరి, "బెంగుళూరు ఆఫీసోళ్లెవరో మూసినారంట కదా వదినా" అంది. అవునన్నాను. ఆ ఒక్క ముక్క మీద మూడు నెలలు గడిపాను. యార్డు తిరిగి తెరవాలని, నా లెక్క తప్పని మొన్న శుక్రవారం అనంతకుమార్‌కు రాసిచ్చాను. "యాక్సిడెంటు మన ప్లానులోకి రాదు కదా మేడమ్" అని కాగితం పక్కన పెట్టాడు. తెరుస్తారో లేదో తెలియదు.

ఈ పొద్దున కట్టు విప్పుతూ చెప్పాను. "గౌరీ, యార్డు మూయమని రాసింది నేను."

"ఊరికే అంటుండావు."

"లేదు. నేనే."

కాలు వెనక్కి తీసుకోలేదు. కట్టు కట్టడం అయ్యేదాకా కదలకుండా కూర్చుంది. ఆ తర్వాత అడిగింది.

"మీ పటంలో మా ఊరు ఉండిందా?"

"ఉండింది."

"యాడ?"

లాప్‌టాప్ తెచ్చి చూపించాను. ఆవగింజంత చుక్క.

"దీంట్లో నేనుండానా?"

"లేవు. తీసేసినాను."

"ఎవరో ముక్కూమొహం తెలీనోడనుకోని వాణ్ణి తిట్టుకుంటా బతుకుతా ఉంటిని. ఇప్పుడు ఎవర్ని తిట్టుకోవాల వదినా?" అంది. ఏడవలేదు. "మా నరేషుకు ఫోన్ చెయ్యి, వచ్చి పిల్చుకోని పోతాడు" అంది.

వాళ్ల తమ్ముడు మధ్యాహ్నానికి కారు తీసుకుని వచ్చాడు. పుండు మానేదాకా ఉండు, ఇక్కడైతే ఆస్పత్రి దగ్గర అన్నాను. "ఆడా ఉండాది ఆస్పత్రి" అంది. అంతే. నరేష్‌కు ఏం జరిగిందో గౌరి చెప్పలేదు. పాపం అతను నాకు దండం పెట్టి, "తల్లి మాదిరి చూసుకున్నావక్కా" అన్నాడు. కట్టు ఎలా కట్టాలో అతనికి నేర్పించాను. రెండుసార్లు వదులుగా కట్టాడు, మూడోసారి సరిగ్గా వచ్చింది. నేను నేర్పుతున్నంతసేపూ గౌరి కిటికీ వైపే చూసింది. పోయేటప్పుడు మధుమిత తల నిమిరింది. నాతో మాట్లాడలేదు.

ఇకమీద గౌరికి ఉత్తరాలు కుప్పంలో వాళ్ల నాన్న రంగప్ప గారి ఇంటికి పంపు. అడ్రసు వెనక రాశాను. నా మీద నీకు ఎంత కోపం వచ్చినా, ఒక్క పని చేసిపెట్టు. కట్టు రోజు విడిచి రోజు మార్చాలి, తడి తగలకూడదు. నరేష్ మారుస్తున్నాడో లేదో నువ్వే కనుక్కో. సాయంత్రం నుంచి రెండుసార్లు ఫోన్ చేశాను. గౌరి తీయలేదు.

ఇట్లు,
నీ అక్క
దుర్గాదేవి