నాగేంద్రమ్మ వీపు

నాగర్‌కర్నూల్,
13 జూలై 2025

చిత్రకారుడు, తమ్ముడు గౌస్ పాషాకు,

అక్క సరిత దీవెనలు. గద్వాలలో నువ్వు, తాజ్‌బీ, పిల్లలు సల్లగున్నరని తలుస్తున్న. మర్యాదలు అయిపోయినయి, ఇగ కొట్లాటకు వస్త. ఫోన్‌ల అయితే నవ్వి తప్పించుకుంటవని ఉత్తరం రాస్తున్న.

నేత పని మీద నేను రాసిన వ్యాసాల పుస్తకానికి నువ్వేసిన అట్ట, వనపర్తి ప్రెస్సు వెంకటన్న చూపించిండు. లోపలి బొమ్మలకు వంక పెట్టలేను. అటు ఇటు ఉరికే నాడె, నూలు చుట్టిన కండె, మగ్గం గుంటల దిగిన కాళ్లు. నాలుగు గీతల్లోనే మగ్గం సప్పుడు వినిపించినవ్. మరి అట్ట మీద ఏంది గది? మగ్గం ముందర నాగేంద్రమ్మ వీపు. మొఖమేది? మోడర్న్ ఆర్టు అంటే మనిషిని మాయం చేసుడా?

గద్వాల చీరె కట్టుకున్నోళ్ల మొఖాలు ప్రతి దుకాణం బోర్డు మీదున్నయి. నేసినామె మొఖం ఒక్క పుస్తకం మీద ఉండొద్దా? నూలిచ్చే సావుకారి కూలిల పెట్టే కోతల గురించి నోరు విప్పింది ఆమె ఒక్కతే. లోపల ఎట్లాగూ ఆమె పేరు మార్చి రాసిన. అట్ట మీద కూడ దాస్తే ఇగ నా పుస్తకం ఎవరి తరఫున నిలవడ్డట్టు?

నువ్వేమో, ఆమెనే వద్దన్నదని ఒక్క ముక్క చెప్పి ఊకున్నవ్. నమ్మక, నిన్న నేనే గద్వాల పోయిన. భయపడితే సావుకారి ఇంకా నెత్తికెక్కుతడని ఆమెకు గంటసేపు చెప్పిన. అంత విని, నాడె పక్కకు పెట్టి, "రాసుడు నువ్వు రాస్తవు టీచరమ్మా. నా మొఖం చూసి రేపు సావుకారి నూలు బంద్ పెడితే, ఈ గుంటల కూసోని నేనేం నెయ్యాలె?" అన్నది. పైనుంచి చాయ్ తాగిపొమ్మన్నది.

గిట్ల అందరు వీపు తిప్పితే లోకం మారేదెట్ల? నాకు ఒళ్లు మండుతున్నది. మొఖం వెయ్యి, లేకుంటే పుస్తకమే ఆపేస్త.

కోపంతోని,
నీ అక్క
సరిత

తా.క.: కవరు మీద నీ అడ్రసు రాస్తుంటే యాదికొచ్చింది. వెనక అట్ట మీద నా ఫొటో వెయ్యకు. పేరు కూడ ఎప్పటిలెక్క 'మృగశిర' అనే ఉండాలె, సరిత అని ఎక్కడ రావొద్దు. ఈ మృగశిర ఎవరు మేడం అని మొన్న మా హెడ్మాస్టర్ అడిగిండు. నాకు తెల్వదన్న. సర్కారు నౌకరి, నీకు ఎరుకే.

ఇది రాసినంక పైదంత మల్ల చదివిన. చింపుదామనుకున్న, చింపలే. నాగేంద్రమ్మను అట్లనే కూసోనియ్యి. కోపం తగ్గిందనుకోకు.