కర్నల్ గారి చుట్ట

మదనపల్లె,
12-8-1983

అమ్మా షంషాద్,

నీ జాబు చేరింది. జవాన్లకు మలేరియా మందు కనిపెట్టడానికి మిలిటరీ ల్యాబులో నువ్వు పెంచే దోమలు, కర్నల్ గారు తనిఖీకి వచ్చినప్పుడల్లా చచ్చిపోతున్నాయని రాశావు. ఉద్యోగం పోతుందని ఏడవొద్దు. ఆయన చుట్ట తాగుతారేమో కనుక్కో. మనింట్లో పెంచే పట్టుపురుగుల దగ్గరికి బీడీ తాగినోళ్ళను ఏనాడైనా రానిచ్చానా? ఆయన్నూ బయటే నిలబెట్టు.

"కర్నల్‌కు అట్ల సెప్తే ఊరుకుంటాడా?" అని మీ అమ్మ గొణుగుతోంది. నీకు భయమైతే ఈ ఉత్తరమే చూపించు. నిన్ను చూడటానికి వచ్చిన కుప్పం పెళ్ళికొడుకునే, అత్తరు పూసుకొచ్చాడని, ఇంటి గడప దాటనివ్వలేదు నేను.

సంబంధం తప్పిపోయింది. పురుగులు బతికాయి. నువ్వు సైంటిస్టువయ్యావు. కర్నల్ గారికి అదీ చెప్పు.

మీ అబ్బాజాన్