తట్టకుండా తీయకూడదు

హెడ్మాస్టరమ్మ గారికి,

నేను తాళాలు బాగుచేసుకుని బతికే మనిషిని. నిన్న మీరు పిలిపించినప్పుడు సిగ్గుతో నోరు పెగల్లేదు. అందుకే ఈ ఉత్తరం.

మా అమ్మాయి తప్పు చేసింది. ప్రశ్నపత్రాల కోసం స్నేహితురాళ్ళు ఎగదోస్తే, నా పనిసంచిలోని తాళాలు తీసే కమ్మీ తీసుకుని, వాళ్ళతో కలిసి మీ గదిదాకా వచ్చింది. తలుపు మూసి ఉంటే మీరు ఇంటికి వెళ్ళిపోయారని పిల్లలంతా అనుకున్నారట. పది రోజులు బడికి రావద్దన్నారు కదా, అందులో ఒక్క రోజు కూడా తగ్గించకండి. ఇంట్లో వేయాల్సిన శిక్ష నేనూ వేశాను.

అయితే ఒక్క మాట. ఎవరింటి తాళం తీయడానికి వెళ్ళినా, లోపల ఎవరూ లేరని తెలిసినా, ముందు తలుపు తట్టాలని చిన్నప్పటి నుంచీ దానికి నూరిపోశాను. మీ గది ముందు కూడా దాని చెయ్యి ఊరుకోలేదు, తట్టింది. లోపలి నుంచి మీరు "ఎవరది?" అనగానే మిగతావాళ్ళు కాళ్ళకు బుద్ధి చెప్పారు.

"నువ్వెందుకు పారిపోలేదే?" అని అడిగాను.

"తలుపు తట్టి పారిపోతే ఏం బాగుంటుంది నాన్నా?" అంది.

పైకి కోప్పడ్డాను గానీ, లోపల నా ఛాతీ ఉబ్బింది. మీ రిజిస్టరులో దాని పేరు పక్కన 'దొంగతనం' అని రాశారు. ఆ ఒక్క మాటా కొట్టేయండి. దొంగ తలుపు తట్టడమ్మా.

మీ తాళం మరీ నాసిరకమని అదే చెప్పింది. శనివారం ఇద్దరం వచ్చి గట్టిది బిగిస్తాం. తట్టే వస్తాం.

ఇట్లు,
తలుపు తట్టిన పిల్ల తండ్రి