చుక్క బర్రెకు కూడా చెప్పు

గుంటూరు, బుధవారం.

యశస్విని నాన్నకు,

ఆపరేషన్ బాగా జరిగింది, కంగారు పడమాక. ఇంకొన్నాళ్లు గట్టిగా మాట్లాడొద్దన్నారు. నా గుసగుస ఫోనులో నీకు వినపడదు, అందుకని ఈ కార్డు రాస్తున్నా.

గొంతులో ఏ గడ్డో పుట్టిందని భయపడ్డాం గదా, అదేం కాదంట. పొట్టలో పులుపు పైకెక్కి గొంతును కాలుస్తా వచ్చిందంట. మాత్రలకు లొంగలేదని, పొట్ట పైభాగాన్ని అన్నం దిగే గొట్టం చుట్టూ తిప్పి కుట్టారు. కోతలు చిన్నవే.

పొద్దున డాక్టరమ్మ వచ్చి, ఏదైనా ఒక మాట మెల్లగా అనమంది. "దా చుక్కమ్మా, దా" అన్నాను. బొంగురు కొంచెం తగ్గినట్టే ఉంది. చుక్కమ్మ ఎవరని ఆమె అడిగితే, "మా బర్రె మేడం, అమ్మ పిలిస్తేనే పాలు చేపుద్ది" అని మన పిల్ల చెప్పింది. ముందు నిన్ను తలుచుకోలేదని అలగమాక.

ఇంతకీ చుక్క నీకు పాలిస్తందా? ఇయ్యకపోతే దండెం మీదున్న నా ఆకుపచ్చ చీర కప్పుకుని పిండు, నా వాసనకి నిలబడుద్ది. ఆ చీర ఉతకమాక. కల్లంలో మిరపకాయల మీద పట్టా కప్పావా? పక్కింటి బీబీ వదినను అడిగానని చెప్పు. నువ్వు వేళకు తిను.

ఇంటికొచ్చాక కూడా కేకలెయ్యకూడదంట. వాకిట్లో నిలబడి నిన్ను చేలోంచి పిలవడం ఇక కుదరదు. నీకు ఏం చెప్పాలన్నా పక్కన కూర్చునే చెప్పాలి. నువ్వే కాస్త ముందుగా ఇంటికి రావడం నేర్చుకో.

వీరరాఘవమ్మ