తాలు అన్నదెవరు

నాన్నా, నువ్వు మిర్చి గ్రేడింగ్ చేసిన కంపెనీలోనే నేనిప్పుడు మేనేజర్‌ని. నీ పని ఏఐ మిషన్ చేస్తోంది. మొన్న అది ముప్పాళ్ళ కోటమ్మత్త బస్తాని రంగుపోయిన తాలు కాయలని తిప్పికొట్టింది.

"ఎవరే ఆ మాటన్నది? బయటికొచ్చి నా మొహం చూసి చెప్పమను," అంటూ ఆమె గేటుకు అడ్డంగా కూర్చుంది.

నువ్వయితే కాయ విరిచి రైతు చేతిలో పెట్టి చెప్పేవాడివి. డైరెక్టర్ల మీటింగులో ఆ సంగతే చెప్పి పోట్లాడాను. ఈరోజు, నీ సంవత్సరీకం నాడే, రూలు వచ్చింది. మిషన్ వద్దన్న బస్తాని మనిషి విప్పి చూడాలి, కారణం రైతుకు ఎదురుగా చెప్పాలి, మిషన్‌ది తప్పయితే నష్టం కంపెనీయే భరించాలి.

మొదట కోటమ్మత్త బస్తానే విప్పి, కాయ విరిచి ఆమె చేతిలో పెట్టాను.

"తాలే," అని పకపకా నవ్వింది. "మీ నాయన కూడా నా కాయల్ని చానాసార్లు తిప్పి పంపాడే. కాకపోతే టీ తాగించి పంపేవాడు. ఏదీ, టీ?"