నిమ్మకాయల ముందు నీలం బండి

దశమి, గురువారం
పొద్దున రెండు కొత్త బండ్లకు పూజ. మొదటిది ఆకుపచ్చ బైకు, ఇంజనుకి రెండు సిలిండర్లు. నిమ్మకాయల మీంచి వెళ్లినట్టే తెలియలేదు, అంత మెత్తన. కానీ ఆరువేల ఆర్పీఎం దాటితే గానీ దానికి ప్రాణం రాదు. రెండోది నారింజ రంగు సింగిల్ సిలిండర్... కింది నుంచే లాగుతుంది, కోపిష్టిది, ట్రాఫిక్‌లో కాళ్లు కాలుస్తుంది. కొన్నవాళ్లకి ఈ తేడా తెలియదు. తెలిసినవాడు పంచె కట్టుకుని ట్యాంకుల మీద స్వస్తిక్ వేస్తున్నాడు.

ఏకాదశి, శుక్రవారం
నాన్న మోకాలి ఆపరేషన్‌తో ఈ ఆంజనేయస్వామి గుడి నా చేతికొచ్చి ఏడాది. "అర్చకులు బండి మీద అలా వంగి రయ్యిన తిరిగితే బాగోదండి" — కమిటీ ఛైర్మన్‌గారు. రాజమండ్రి బ్రోకర్‌కి నా నీలం బండి ఇచ్చేశాను. ఇప్పుడు నాన్న మోపెడ్. ఛీ.

అమావాస్య, మంగళవారం
ఎవరూ బండి తేలేదు. బతికిపోయాను.

విదియ, గురువారం
వచ్చింది. నా నీలం బండే. ట్యాంకు ఎడమ పక్క గీత, సిద్ధాంతం వంతెన దగ్గర నేను పడినప్పటిది. కొన్నది ఎరువుల కొట్టు సత్తిబాబు. ఆ గీత మీదే కుంకుమ పెట్టాను. ఏడుపొచ్చింది.
నిమ్మకాయల ముందు గేరు వేస్తే చాలు, ఆగిపోతోంది. "అపశకునమేమోనండి పంతులుగారూ..." సైడ్ స్టాండు స్విచ్ పట్టేసింది, స్టాండు ఇంకా దిగే ఉందనుకుని ఇంజను ఆపేస్తుంది, దాని పాత రోగం. ఛైర్మన్‌గారు చూస్తున్నారు. హారతి పళ్లెం దించకుండానే, "స్టాండుని కాలితో ఒక్కటి తట్టండి" అన్నాను. తట్టాడు. కదిలింది.
"మీకెలా తెల్సిందండి?"
"స్వామి దయ."
స్వామి ఎదుటే అబద్ధం. సిగ్గేసింది.
వెళ్తూ, "రెండో తాళం పోయిందన్నాడండి బ్రోకరు" అన్నాడు. పోలేదు. నా కుంకుమ భరిణె అడుగున, కాగితంలో ఉంది.

చవితి, శనివారం
సత్తిబాబు మళ్లీ వచ్చాడు. నా మాటకే బండి కదిలిందట, ఆరు శనివారాలు నూట ఎనిమిది ప్రదక్షిణలు మొక్కుకున్నాడట. ఊరంతా మొదటి గేరులోనే... ఇంజను గోల పెడుతోంది. దాన్ని అలా నడుపుతారా! ఒళ్లు మండిపోయింది.
బండి రథం షెడ్డు వెనక పెట్టాడు. ప్రదక్షిణలకు గంట పట్టింది. ఆ బండి మీద ద్రాక్షారామం వెళ్లి రావడానికి నాకు ఇరవై నిమిషాలు.
వచ్చే శనివారం ఛైర్మన్‌గారు ఊళ్లో ఉండరు. తాళం తీసి మొలలో దోపుకుని చూశాను. మళ్లీ భరిణెలో పెట్టేశాను.